గోడ ఆరని గృహప్రవేశము

వానలు వెలిసి, దసరాకు దుర్గాభవాని దర్శనార్థము వచ్చిన జనము తిరుగుముఖము పట్టగానే, సంగారెడ్డి మండలములోని ఇస్మాయిల్‌ఖాన్‌పేటయందును చుట్టుపట్టు పల్లెలందును క్రొత్త యిండ్ల పనులు వేగిరపడును. కార్తికమున పాలు పొంగవలెను. చలి ముదరకమునుపే కాపురము మారవలెను. యజమాని తొందర అది. మేస్త్రీ తొందర వేరు. అతనికి పటాన్‌చెరువైపు మరియొక పని కాచుకొనియుండును. ఈ రెండు తొందరల నడుమ గోడ సంగతి తలచువారు లేరు.

పూర్వము మట్టిగోడల పెంకుటిల్లు కట్టువారు ఋతువును మీరజాలకుండిరి. మట్టి త్రొక్కి, గడ్డి కలిపి, ఒక వరుస పెట్టి, అది ఆరి బిగిసిన పిమ్మటనే రెండవ వరుస ఎత్తవలెను. తొందరపడినచో గోడయే కూలి బుద్ధి చెప్పును. కావున వేసవిలో గోడలు లేచెడివి. తొలకరికి ముందు కప్పు పడెడిది. చలికాలమునకు ఇల్లు ఎండియుండెడిది. సిమెంటు వచ్చి కట్టడమును ఋతుబంధమునుండి విడిపించినది. అది మేలే, కాదనరాదు. శ్రావణమున పిల్లర్లు లేపి ఆశ్వయుజమున గిలాబు చేయవచ్చును. ఆరుటకు మాత్రము గోడకు దాని కాలము దానికి కావలెను.

ఇచ్చట పెద్దలును పొరబడు విషయమొకటి కలదు. సిమెంటు గట్టిపడుట ఆరుట కాదు. నీటితో జరుగు రసాయనిక సంయోగముచేత అది రాయియగును. అందుకే దానిని ఆరనీయక దినముల తరబడి నీళ్లు పట్టుదురు. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీరు పోసినచో, అందు ఇంచుమించు సగమే ఆ సంయోగమునకు చెల్లును. మిగిలిన నీరు, తరువాత పట్టిన నీరు, ఇటుక త్రాగిన వాననీరు, ఇవియెల్ల ఆవిరియై పోవలసినవే. కాంక్రీటు బలమును 28 దినములకు లెక్కింతురు గాని, గోడలోని తడికి ఆ లెక్కతో పనిలేదు. పాతకాలపు డంగుసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుచు, ఆవిరిని తనగుండ పోనిచ్చెడిది. నేడు తడిగోడకు పుట్టీ పట్టించి, పైన నూనెరంగు పూసి, ఆ దారియు మూయుచున్నారు. సంక్రాంతికి రంగు పెచ్చులూడును. నింద రంగు డబ్బాకు!

తడిగోడ చలిగోడ. నీరు ఆవిరియగుటకు కావలసిన వేడిని చుట్టునుండియే లాగుకొనును. కుండలో నీరు చల్లబడు పాఠమే యిది. ఈ జిల్లాలోని కోహీరు పేరు చలి వార్తలలో తరచు కనబడునది. అట్టి చలిలో ముసలివారు కుంపటి కోరుదురు. ప్రమాదము అచ్చటనే యున్నది. పెంకుల సందులనుండి గాలి యాడెడి పాతయింటి కుంపటి వేరు; శ్లాబు క్రింద, అద్దపు కిటికీలు బిగించిన గదిలో కుంపటి వేరు. పొగ లేని నిప్పులనుండియు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారిని నిద్రలోనే హతమార్చగలదు. మూసిన గదిలో కుంపటి పెట్టరాదను మాట ఏటేట ప్రతి పాఠశాలలో చెప్పదగినది.

గృహప్రవేశమునకు మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠములు ఉత్తమములనియు, కార్తిక, మార్గశీర్షములు మధ్యమములనియు ముహూర్తగ్రంథములు చెప్పును. శాస్త్రము చెప్పు కారణములు వేరు కావచ్చును. గోడ కోరునదియు ఆ నాలుగు నెలలనే.

అయినను వేచియుండుడని అందరికిని చెప్పుట న్యాయము కాదు. 2024లో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకమున 5 లక్షల రూపాయలను పని సాగినకొలది విడతలుగా ఇచ్చు ఏర్పాటు కలదు. పాతయిల్లు పడగొట్టి ఆ జాగాలోనే కట్టుకొను కుటుంబము అంతవరకు రేకుల క్రిందనో, బంధువుల వసారాలోనో తల దాచుకొనును. వారికి కార్తిక ప్రవేశము ముచ్చట కాదు, అవసరము. అట్టివారు ఈ యేటికి వెల్లతో సరిపెట్టి, రంగును వేసవికి వాయిదా వేసికొనవచ్చును. పగలెల్ల ఎదురెదురు కిటికీలు తెరచి, మంచములను గోడకు జానెడు దూరము జరుపవచ్చును.

పట్టణమునుండి వచ్చి శని, ఆదివారములు గడుపుటకు తోటయిల్లు కట్టించువానికి ఈ యవసరము లేదు. మాఘమువరకు ఆగినంతమాత్రమున అతనికి నీడ కరవు కాదు. పైగా ఆదివారము సాయంత్రము తాళము పడిన యింట తక్కిన దినములు గాలి యాడక తడి లోపలనే నిలుచును. కార్తికముననే పాలు పొంగింపక తప్పదనుకొన్నచో, తాళపుచెవి తోటమాలి చేతికిచ్చి, ప్రొద్దెక్కగానే కిటికీలు తెరచి, మంచు దిగకమునుపే మూయుమని చెప్పి వెళ్లవలెను.