రోజుకు పది మాటలు

'రోజుకు 10 కొత్త ఇంగ్లీషు పదాలు నేర్చుకోండి' అనే రీల్ కనబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఏడాదికి 3,650. లెక్క బాగానే ఉంది, ఇందులో భాషేది?

ఈ లిస్టులు ఏం చేస్తాయో చూడండి. 'ఫ్రూగల్', 'థ్రిఫ్టీ', 'స్టింజీ' మూడూ ఒక వరుసలో పెట్టి, ఎదురుగా 'డబ్బు ఎక్కువ ఖర్చు పెట్టని' అని రాసేస్తాయి. పొదుపరినీ పిసినారినీ ఒకే గాటన కట్టడమే కదా ఇది! మొదటి రెండూ మెచ్చుకోలు, మూడోది తిట్టు. పైవాణ్ణి పొగుడుదామని 'స్టింజీ' అంటే ఉద్యోగం ఏమవుతుందో లిస్టు రాసినాయనకేం పట్టింది.

తెలుగులో మనం ఈ పొరపాటు చెయ్యం. అబద్ధం ఆడతారు గానీ నిజం ఆడరు, చెబుతారు. ఇది మనకెవరూ బట్టీ పట్టించలేదు. వింటూ, చదువుతూ పెరిగాం, అంతే. ఇంగ్లీషుకీ అలాంటి జతలే ఉన్నాయి. వాన 'హెవీ', గాలి 'స్ట్రాంగ్'. 'స్ట్రాంగ్ రెయిన్'లో వ్యాకరణ దోషం లేదు, మామూలుగా అలా అనరు, అంతే. ఆ సంగతి విడి మాటలు నేర్పే ఏ ఫ్లాష్‌కార్డు చెబుతుంది?

పరీక్షలున్నాయి కదండీ అంటారు. జీఆర్ఈ 2011లోనే వ్యతిరేక పదాల ప్రశ్నల్నీ అనాలజీల్నీ తీసిపారేసింది. ఇప్పుడు వాక్యంలో ఖాళీ చూపించి, అక్కడ ఏ మాట ఇముడుతుందో అడుగుతుంది. పరీక్ష మారింది, మన బట్టీ మారలేదు. (నార్మన్ లూయిస్‌ని మాత్రం ఈ గొడవలోకి లాగకండి. 1949 నాటి 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ'లో ఆయన లాటిన్, గ్రీకు మూలాలు పట్టుకుని మాటల కుటుంబాలు చూపించాడు. మనం మొదటి ఇరవై పేజీలు దాటకపోతే ఆయనేం చేస్తాడు?)

పరాయి భాష నేర్చినవాళ్లలో మనకి బాగా తెలిసినాయన సి.పి. బ్రౌన్. ఆయన ముందు వేమన్ని చదివాడు, 1829లో అచ్చువేశాడు. నిఘంటువు ఆ తర్వాతెప్పుడో. అందులోనూ మాట పక్కన కావ్యాల్లోంచి తీసిన ప్రయోగాలుంటాయి. చదువు ముందు, జాబితా వెనక. కోచింగులు దీన్నే తలకిందులు చేసి అమ్ముతున్నాయి. అమ్ముతున్న సరుకు మాటలు కూడా కాదు, 'నీకు ఇంగ్లీషు రాదు' అనే భయం.

ఆర్.కె. నారాయణ్ 1935లో వెలువరించిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' తిరగెయ్యండి. బడి, లెక్కల భయం, క్రికెట్. ఏ లిస్టులోనూ చోటు దొరకని చిన్న చిన్న మాటలే ఎక్కువ. 3,650 పదాలూ కంఠతా వచ్చినవాళ్లని అలాంటి పేరా ఒక్కటి రాయమనండి.