నమిలే పొగాకు ‘చిన్న కీడు’ అవుతుందా?

సిగరెట్ మానలేనివారు నోట్లో పెట్టుకునే పొగాకుకు మారితే కొంత మేలని వాదించే వైద్యులు పాశ్చాత్య దేశాల్లో ఉన్నారు. వారు చూపే ఉదాహరణ స్వీడన్. అక్కడి మగవారు ‘స్నూస్’ అనే తడి పొగాకును పెదవి కింద పెట్టుకుంటారు. సిగరెట్ తాగేవారు ఆ దేశంలో బాగా తగ్గిపోయారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించే మగవారు ఐరోపాలో అతి తక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి. 1992లో ఐరోపా కూటమి ఇలాంటి పొగాకు అమ్మకాన్ని నిషేధించినా, 1995లో చేరిన స్వీడన్‌కు మినహాయింపు దొరికింది. అమెరికాలో 2019లో కొన్ని రకాల స్నూస్‌ను ‘సిగరెట్‌కు బదులు వాడితే కొన్ని జబ్బుల ముప్పు తక్కువ’ అని చెప్పి అమ్ముకోనిచ్చారు.

ఇది విని, మన జర్దా డబ్బాకు ఫత్వా దొరికినట్టు సంబరపడేవారున్నారు.

మదర్సాలో నేర్పే ఫిఖ్‌హ్ సూత్రం ఒకటుంది: అహ్వనుల్ బలియ్యతైన్. రెండు కీడుల్లో చిన్నదాన్ని ఎంచుకోవడం. స్వీడన్ వాదన అచ్చం ఇలాగే కనిపిస్తుంది. కానీ రెండింటి నుంచీ తప్పించుకునే దారి లేనప్పుడే ఈ వెసులుబాటు. ఆ షరతును మాత్రం చాలామంది మరిచిపోతారు.

పైగా వస్తువు ఒకటి కాదు. స్నూస్ పొగాకును వేడితో శుద్ధి చేసి, చల్లని చోట ఉంచుతారు. క్యాన్సర్ కలిగించే నైట్రోసమైన్లు అందులో తక్కువ. మన ఖైనీలో సున్నం, గుట్కాలో వక్క కలుస్తాయి. పొగాకు లేకున్నా వక్క ఒక్కటే క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004 నివేదికలో తేల్చింది. దవడ లోపల గట్టిపడి, నోరు తెరుచుకోక, ముద్ద పెట్టుకోలేని యువకులు మన ఆసుపత్రులకు కొత్త కాదు.

2016-17 జాతీయ సర్వే ప్రకారం 15 ఏళ్లు, ఆపైబడిన స్త్రీలలో పొగ తాగేవారు నూటికి ఇద్దరు, పొగరాని పొగాకు వాడేవారు దాదాపు పదముగ్గురు. సిగరెట్టే ముట్టని ఇల్లాలికి జర్దా దేనికి బదులు? మన ఇళ్లలో కొడుకు అబ్బా ఎదుట సిగరెట్ వెలిగించడు. నానీ పాన్‌దాన్‌లో జర్దా మాత్రం అందరి ముందే ఉంటుంది. వలీమా విందులో పాన్ తబుకు తిప్పకపోతే అతిథికి అమర్యాద! దాన్ని వ్యసనాల లెక్కలో ఎవరూ వేయరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2013లో గుట్కాను నిషేధించింది. వ్యాపారులు పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో పెట్టి పక్కపక్కనే వేలాడదీశారు. రెండూ కొని కలుపుకునేది మన పిల్లలే.

సిగరెట్ మానాలనుకునేవారికి జర్దా కాని దారి ఉంది. పొగాకు లేని నికోటిన్ చూయింగ్ గమ్ మందుల దుకాణాల్లో దొరుకుతుంది. జర్దా, ఖైనీ వదలాలనుకునేవారికీ అది పనికొస్తుంది. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగాకే వాడాలి. పొగాకు మానడానికి సలహా చెప్పే ప్రభుత్వ ఉచిత ఫోన్ 1800-11-2356.