సినిమా అయిపోయినా వదలని భయం

సత్తుపల్లి నుండి ఒక గృహిణి ఇలా వ్రాశారు: “మా ఇంట్లో నలుగురం కలిసి ఒక భయం సినిమా చూశాం. పేరున్న నటులెవరూ లేరు. పెద్దగా ఖర్చు పెట్టినట్టూ లేదు. ముసుగు వేసుకున్నవాడొకడు కత్తి పట్టుకుని ఒక్కొక్కరినీ వరసగా చంపుకుంటూ పోతాడు. మా వారు ‘చవకబారు సినిమా, నవ్వొచ్చింది’ అన్నారు. మా మరిది ‘బ్రహ్మాండం’ అని మర్నాడు మళ్ళీ చూశాడు. నాకు రాత్రిపూట పెరట్లోకి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. ఆరేళ్ళ మా బాబు పది రోజులుగా పక్క తడుపుతున్నాడు. అర్ధరాత్రి లేచి కేకలు పెడుతున్నాడు. వాడికి గాలి సోకిందని మా అత్తగారు అంటున్నారు. ఒకే సినిమాకి ఇన్ని రకాలేమిటి డాక్టరుగారూ? ఎవరిది నిజం?”

అమ్మా, నలుగురిదీ నిజమే. కాకపోతే మీ వారూ, మీ మరిదీ నోటితో చెప్పారు. మీరూ, మీ బాబూ శరీరంతో చెబుతున్నారు.

చీకట్లో ఏ చప్పుడూ లేకుండా వుండి, ఉన్నట్టుండి వెనకనుండి పెద్ద శబ్దం వచ్చిందనుకోండి. అదేమిటో మనకు తెలిసేలోపే కళ్ళు మూసుకుంటాయి, భుజాలు పైకి లేస్తాయి, మెడ బిగుస్తుంది. ఇది ఆలోచించి చేసే పని కాదు. ఆ వెంటనే మూత్రపిండాల మీద టోపీల్లా వుండే గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. నోరు ఎండుతుంది. అరచేతులు చెమర్చుతాయి. ‘ఇది సినిమాయే కదా’ అన్న ఆలోచన తర్వాత ఎప్పటికో తీరిగ్గా వస్తుంది. మీ వారు నవ్వుతున్నప్పుడు ఆయన మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టి వుంటే ఆ నవ్వు సంగతి కాస్త తేలేది. బిగుసుకున్న ఒళ్ళు వదులయ్యేటప్పుడు కూడా మనిషికి నవ్వు వస్తుంది. మీ మరిది సంగతి మరొక రకం. భయంతో చెలరేగిన శరీరం ప్రమాదం గడిచిపోగానే చల్లబడదు. ఆ మిగిలిన వేడి, తర్వాత వచ్చే ఊరటను రెట్టింపు చేస్తుంది. దానికే కొందరు రుచి మరుగుతారు. పచ్చిమిరపకాయ నంజుకునేవాళ్ళు లేరా?

ఈ చంపుళ్ళ సినిమాలకు ఇంగ్లీషులో స్లాషర్లని పేరు. వీటికి దారి వేసిన ‘హాలోవీన్’ 1978లో అమెరికాలో వచ్చింది. ఖర్చు సుమారు మూడు లక్షల డాలర్లు. అక్కడి లెక్కలో అది చాలా చిన్న మొత్తం. హంతకుడి ముసుగు కూడా అంగడిలో కొన్న చవక రబ్బరు బొమ్మే. ఒక టి.వి. నటుడి మొహం అచ్చుతో వుంటే దానికి తెల్లరంగు పూశారు. దర్శకుడు జాన్ కార్పెంటర్ తానే చెప్పిన సంగతి ఒకటుంది. సంగీతమూ, శబ్దాలూ చేర్చకముందు ఆ సినిమాను ఒక చిత్రసంస్థ ఉద్యోగినికి చూపిస్తే ఆమెకు బొత్తిగా భయం వేయలేదట. తర్వాత ఆయనే సంగీతం కట్టి చేర్చాడు. కొన్ని నెలల తర్వాత కలిసినప్పుడు ఆమెకూ అది ఎంతో నచ్చిందట. బొమ్మ అదే, మనిషీ అదే. మారినదల్లా చెవికి వినిపించినది. మీ ఇంట్లో ఎవరైనా మరీ హడలిపోతుంటే టి.వి. ఆపనక్కరలేదు, గొంతు నొక్కేయండి. సగం దెయ్యాలు అక్కడే చస్తాయి.

మన తెలుగులో అచ్చంగా ఈ రకం తక్కువ. నా వయసువాళ్ళకు జ్ఞాపకం వుండేది వంశీ తీసిన ‘అన్వేషణ’, 1985. అడవిలో వరుస చావులు, పులి పనేనని జనం అనుకోవడం, ఇళయరాజా సంగీతం. మన వైపు అడవి అంచున పెరిగినవాళ్ళకు దాని తర్వాత ఎండుటాకు అలికిడి కొన్నాళ్ళు వేరుగా వినిపించిందంటే ఆశ్చర్యం లేదు. అయితే ఆ రోజుల్లో భయం హాలులో వుండేది. రెండో ఆట వదిలాక నలుగురితో మాట్లాడుకుంటూ నడిచి వచ్చేసరికి చాలావరకు దిగిపోయేది. ఇప్పుడు దుప్పటి ముసుగులో, చేతిలో ఫోను, చెవిలో ఇయర్‌ఫోను. చూసినచోటే నిద్ర. ఇక దిగడానికి దారేది?

మీ విషయానికి వస్తాను. పెరటి భయానికి మాత్ర లేదు. వెళ్ళడం మానుకున్నకొద్దీ ఆ భయం పెరుగుతుంది. రెండు రోజులు లైటు వేసుకుని తోడుతో వెళ్ళండి. మూడోరోజు తోడు గుమ్మం దగ్గర నిలబడాలి. తర్వాత మీరొక్కరే. సిగ్గుపడే విషయం కాదిది. 1999లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో, నూటయాభైకి పైగా కాలేజీ విద్యార్థులను అడిగితే, చిన్నప్పుడు సినిమాకో టి.వి.కో భయపడ్డామని నూటికి తొంభైమంది చెప్పారు. వారిలో దాదాపు నాలుగోవంతు మందికి ఆ భయం ఇంకా ఎంతోకొంత మిగిలేవుంది.

మీ బాబుకు ‘అది రక్తం కాదురా, రంగునీళ్ళు’ అని చెబితే ప్రయోజనం తక్కువ. ఆరేడేళ్ళ లోపు పిల్లవాడికి కంటికి కనబడిందే నిజం. వాడికి కావలసింది వివరణ కాదు, మీ ఒడి. కొన్నాళ్ళు మీ పక్కనే పడుకోబెట్టుకోండి. చిన్న దీపం వుంచండి. పదేళ్ళ పిల్లలకైతే కిటుకు చెప్పడం పనిచేస్తుంది. 1960లో హిచ్‌కాక్ ‘సైకో’ తీసినప్పుడు స్నానాలగదిలో పారిన రక్తం చాక్లెట్ పాకమని చెప్పండి, భయం పోయి చాక్లెట్ అడుగుతారు!

అర్ధరాత్రి కేకల్లో రెండు రకాలున్నాయి. పడుకున్న రెండు మూడు గంటల్లోపు లేచి, కళ్ళు తెరిచే వుండి, మిమ్మల్ని గుర్తుపట్టకుండా అరిచి, పొద్దున్నే ఏమీ జ్ఞాపకం లేదంటే అది గాఢనిద్ర చెదరడం. అప్పుడు కుదిపి లేపకండి, మొహాన నీళ్ళు చల్లకండి. దెబ్బ తగలకుండా దగ్గర వుంటే చాలు, తనంతట తానే పడుకుంటాడు. తెల్లవారుజామున లేచి, కల చెప్పి ఏడిస్తే అది పీడకల. దగ్గరికి తీసుకుని ఊరడించండి. రెండింటిలోనూ గాలీ లేదు, ధూళీ లేదు. అత్తగారు తాయెత్తు కడతానంటే గొడవపడకండి, కట్టనివ్వండి. కానీ పొగపెట్టడం, వాత పెట్టడం మాత్రం ససేమిరా కూడదు.

పక్క తడపడం విషయంలో ఒక్క జాగ్రత్త. మానేసిన అలవాటు మళ్ళీ వచ్చినప్పుడు నెపమంతా సినిమా మీదే వేయకండి. మూత్రపరీక్ష చేయించండి. మంట, జ్వరం వుంటే మూత్రంలో చీము కావచ్చు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, చిక్కిపోవడం కూడా వుంటే అదేరోజు రక్తంలో చక్కెర చూపించాలి. అవేమీ లేకపోతే తిట్టకుండా, కొట్టకుండా, నలుగురిలో చెప్పకుండా వుండండి. సాధారణంగా కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకపోతే తీసుకురండి.

అసలు ఆ సినిమా వాడికి చూపించవలసింది కాదు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం యు/ఎ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ళుగా విడగొట్టారు. సినిమా మొదట్లోనే కనబడుతుంది. ‘ఎ’ అంటే పెద్దలకు మాత్రమే. ఇంట్లో టి.వి. అయినంత మాత్రాన అక్షరం మారదు.

పెద్దవాళ్ళలో గుండెపోటు వచ్చి తగ్గినవారు, మందులు వాడుతున్నా మెట్లెక్కితే ఛాతీ పట్టేసేవారు ఈ వినోదాన్ని వదులుకుంటే నష్టమేమీ లేదు. మూర్ఛవ్యాధి వున్నవారిలో కొందరికి వెలుగు టపటపా వెలిగి ఆరే దృశ్యాలు ఫిట్స్ తెప్పిస్తాయి. జపానులో 1997 డిసెంబరులో పిల్లల కార్టూను ఒకటి చూసి ఆరువందల పైచిలుకు మంది ఆసుపత్రుల పాలైనది అలాంటి వెలుగువల్లే. ఇక రక్తం చూడగానే కళ్ళు తిరిగి పడిపోయేవారుంటారు. అది పిరికితనం కాదు. నాడి నెమ్మదించి, రక్తపోటు పడిపోవడం. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తండి. మూగకండి. స్పృహ వచ్చేదాకా నోట్లో నీళ్ళు పోయకండి. గనిలో నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోవలసిన కార్మిక సోదరులు, పడుకునే ముందు ఈ సినిమాలు పెట్టుకుంటే ఆ కాస్త నిద్ర కూడా దక్కదు.

రెండవ ఉత్తరం అశ్వారావుపేట వైపునుండి ఒక అక్కగారు వ్రాసినది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఆమె తమ్ముడు స్కిజోఫ్రెనియాకు నాలుగేళ్ళుగా మందులు వాడుతున్నాడు. బాగానే వున్నాడు, తోటపనికి వెళుతున్నాడు. వీధిలో అందరూ ఇలాంటి సినిమానే చూశారు. అందులో హంతకుడు పిచ్చాసుపత్రి నుండి తప్పించుకు వచ్చినవాడు. అప్పటినుండి అతను ఎదురైతే తల్లులు పిల్లల్ని లోపలికి పిలుస్తున్నారట. మొన్న అతనే అక్కను అడిగాడట: “నేను కూడా అట్లా చేస్తానా?” తండ్రి రాత్రిపూట గదికి గొళ్ళెం పెడదామంటున్నారు.

‘హాలోవీన్’లోనూ హంతకుడు పిచ్చాసుపత్రి నుండి వచ్చినవాడే. కథ వ్రాసేవాడికి అది సుళువు. ఎందుకు చంపాడో చెప్పే శ్రమ తప్పుతుంది. నిజజీవితంలో ఈ జబ్బున్న వారిలో చాలామంది ఎవరినీ ఏమీ చేయరు. దెబ్బలు తినేదీ, మోసపోయేదీ ఎక్కువగా వాళ్ళే. మందులు ఆపినప్పుడు, తాగుడు తోడైనప్పుడు ప్రమాదం కొంత పెరిగే మాట నిజం. అందుకే మందు ఆపకూడదంటాం. గొళ్ళెం మందు కాదు. మానసిక రోగిని గొలుసుతో కట్టడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. ఆ సంగతి మీ నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి.

తమ్ముడి ప్రశ్నకు “ఛీ, అలాంటి మాటలేమిటి” అని కొట్టిపారేయకండి. “నువ్వు మందు వేసుకుంటున్నావు, పని చేసుకుంటున్నావు, నాకు నీవల్ల భయం లేదు” అని అక్కగా మీరే చెప్పండి. వీధిలో ఒక్క ఇల్లాలినైనా ఇంటికి పిలిచి, అతను వున్నప్పుడే టీ ఇవ్వండి. అతనికి చెవిలో మాటలు వినబడటం మళ్ళీ మొదలైందా, నిద్ర తగ్గిందా, తనను తాను చంపుకునే ఆలోచన వస్తోందా అన్నది సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. వస్తోందంటే ఒంటరిగా వదలకండి, అదేరోజు ఆసుపత్రికి తీసుకురండి. 14416కు ఫోను చేస్తే రాత్రైనా పగలైనా తెలుగులోనే సలహా చెబుతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఈ గొడవలో అతను మందు మానేశాడేమో మీరు వ్రాయలేదు. ఈ ఉత్తరం చదివిన రోజే మాత్రల అట్ట తీసి లెక్కపెట్టి చూడండి.