మూత్రంలో రక్తం.. నొప్పి లేదని వదిలేస్తున్నారా?

మూత్రం ఎర్రగా వస్తే మనలో చాలామంది ‘వేడి చేసింది’ అనుకుంటారు. బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు తాగుతారు. రెండు రోజుల్లో రంగు మామూలైతే ఆ సంగతే మర్చిపోతారు. కిడ్నీ క్యాన్సర్ విషయంలో ప్రమాదం ఇక్కడే ఉంది. ఈ గడ్డ వల్ల పడే రక్తం తరచూ నొప్పి లేకుండానే వస్తుంది, దానంతటదే ఆగిపోతుంది. గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ప్రభుత్వ ఉచిత పరీక్షల్లో తెలియదా?

తెలియదు. 30 ఏళ్లు దాటినవారికి ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేస్తారు. ఆ జాబితాలో కిడ్నీ లేదు. వేరే సమస్యకు తీసిన అల్ట్రాసౌండ్‌లో ఇది బయటపడిన సందర్భాలే చాలా. కాబట్టి గమనించుకోవాల్సింది మీరే.

ఎవరికి ముప్పు ఎక్కువ?

పొగ తాగేవారు, ఊబకాయం, హైబీపీ ఉన్నవారు, ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకుంటున్నవారు, కుటుంబంలో ఈ జబ్బు వచ్చినవారు జాగ్రత్తగా ఉండాలి. సిగరెట్ మానడం, బరువు తగ్గడం, బీపీని అదుపులో ఉంచుకోవడం మీ చేతుల్లో ఉన్నవి. ఆ ఉచిత బీపీ పరీక్షను వదులుకోకండి.

చికిత్స ఎలా ఉంటుంది?

గడ్డ 4 సెంటీమీటర్ల లోపు ఉంటే చాలామందికి ఆ భాగాన్నే తీసేసి కిడ్నీని కాపాడవచ్చు. పెద్దదైతే కిడ్నీ మొత్తం తీయాల్సి రావచ్చు. రెండోది బాగుంటే దానితో మామూలుగా బతకవచ్చు. ఇతర అవయవాలకు పాకితే సాధారణ కీమో పెద్దగా పనిచేయదు. సునిటినిబ్, పజోపనిబ్ లాంటి మాత్రలు, ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు వాడతారు. ఇవి నెలల తరబడి సాగుతాయి, ఖర్చూ ఎక్కువే.

పథకాలు ఆదుకుంటాయా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. ఏపీలో ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. 70 ఏళ్లు దాటితే ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు వర్తిస్తుంది. అయితే పరిమితి ఎంత ఉన్నా, ప్యాకేజీలో ఉన్న చికిత్సకే డబ్బు వస్తుంది. చేరకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి: ఈ ఆపరేషన్ ఇక్కడ పథకం కింద చేస్తారా? స్కాన్ల ఖర్చు ఎవరిది? తర్వాత వాడే మందులు వస్తాయా? సందేహముంటే 104కు ఫోన్ చేయండి.

మూత్రంలో రక్తం కనిపించిన ప్రతిసారీ అది క్యాన్సర్ కాదు. రాయి కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆ మాట తేల్చాల్సింది మూత్ర పరీక్ష, అల్ట్రాసౌండ్. ఒక్కసారి కనిపించినా డాక్టర్ దగ్గరకు వెళ్లండి.