ఇంటి తాళంచెవి... ఇంకెవరి దగ్గరుంది?

అద్దె ఫ్లాట్‌లో పాలు పొంగించారు. సామాన్లు సర్దుకున్నారు. ఓనరు రెండు తాళంచెవులు చేతికిచ్చి 'ఉన్నవి ఈ రెండే' అన్నాడు. ఆయన దగ్గరున్నవి రెండే కావచ్చు. కానీ అంతకుముందు ఉన్నవాళ్లు ఎన్ని చేయించుకున్నారో, పెయింటరూ వాచ్‌మనూ ఎన్నాళ్లు దగ్గర పెట్టుకున్నారో ఆయనకు మాత్రం ఏం తెలుసు? ఆ రాత్రి ఇల్లాలికి నిద్ర పట్టకపోతే ఆమె తప్పేం లేదు.

సరిగ్గా ఈ భయానికి మందంటూ దుకాణాల్లో హై సెక్యూరిటీ తాళాలు అమ్ముతుంటారు. కార్డు చూపిస్తేనే మరో తాళంచెవి ఇస్తారట. ధర మాత్రం మామూలు తాళానికి కొన్ని రెట్లు. అంత పెట్టొచ్చా?

మామూలు తలుపు తాళంలో ఐదారు చిన్న పిన్నులుంటాయి. తాళంచెవి పళ్లు వాటిని సరైన ఎత్తుకు లేపితే సిలిండర్ తిరుగుతుంది. రహస్యమంతా ఆ పళ్ల ఎత్తుల్లోనే ఉంది. అందుకే నమూనా చేతిలో పెడితే చాలు... రోడ్డు పక్కన కూర్చునే అతను నిమిషాల్లో మరోటి కోసిచ్చేస్తాడు. అంతెందుకు, 2008లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 195 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటో ఆధారంగానే తాళంచెవికి నకలు తయారుచేసి చూపించారు!

కార్డు తాళాల కిటుకు వేరు. పళ్లు కోయకముందు ఉండే ఖాళీ తాళంచెవిని కంపెనీ బయట అమ్మదు. పేటెంటు ఉంటే వేరేవాళ్లు తయారుచేసి అమ్మడానికీ వీల్లేదు. అయితే మన దేశంలో పేటెంటు గడువు 20 ఏళ్లే. అది తీరాక ఆ అడ్డు ఉండదు. కాబట్టి కొనేముందు పేటెంటు ఇంకా ఎన్నేళ్లుందో అడగాలి.

ఇక్కడే అసలు సంగతి గమనించాలి. ఈ తాళం ఆపేది దొంగచాటు నకళ్లను. పేపర్లో రోజూ కనిపించే మాటేమో 'తాళం పగలగొట్టి'! గడ్డపారతో వచ్చినవాడికి తాళంచెవితో పనేముంది? తుప్పుపట్టిన గొళ్లెం, పొట్టి మరలతో బిగించిన గడియ, చెద తిన్న ద్వారబంధం, పెరటివైపు పల్చటి తలుపు... ఇవన్నీ ఉన్నచోట ఎంత ఖరీదైన తాళం వేసినా దండగే. ముందు వాటిని బాగుచేయించాలి.

ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ తాళంచెవి ముట్టుకోని ఇంటికి మంచి మామూలు తాళం సరిపోతుంది. అద్దెకు దిగేవాళ్లు ఓనరుతో చెప్పి సిలిండర్ మార్పించుకుంటే చాలు. పాత తాళంచెవులన్నీ ఆ క్షణమే పనికిరాకుండా పోతాయి. పనిమనిషికో, డ్రైవరుకో తాళంచెవి ఇవ్వక తప్పని ఇళ్లు, యజమాని విదేశాల్లో ఉన్న ఇళ్లు, పదిమంది చేతులు మారే ఆఫీసులు... వీళ్లకు మాత్రం కార్డు తాళం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఇచ్చినవి మూడైతే, తిరిగొచ్చినవీ మూడేనా అని లెక్క చూసుకోవచ్చు.

తీసుకుంటే, కావాల్సిన తాళంచెవులు మొదటే చేయించుకోవాలి. తర్వాత కావాలంటే రోజులు పట్టొచ్చు. కార్డును తాళంచెవుల గుత్తితో కలిపి ఉంచకూడదు. తాళంచెవి పోతే మాత్రం ఎంత గొప్ప తాళమైనా సిలిండర్ మార్చాల్సిందే. దొరికినవాడికి నకలు అక్కర్లేదు... అసలే ఉంది కదా!