లక్క గాజుల వ్యాపారంలో లాభం ఎవరిది?

వ్యాపారం అంటే దుకాణంలో కూర్చుని సరుకు అమ్మడమేనని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి దుకాణం చివరి మెట్టు మాత్రమే. ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్ని చేతులు మారుతుంది, ప్రతి చేతి దగ్గరా దాని విలువ ఎంత పెరుగుతుంది, ఆ పెరిగిన విలువలో ఎవరికి ఎంత దక్కుతుంది అన్నవే వ్యాపారంలో అసలు విషయాలు. పూర్వం ఖురైష్ తెగవారు చలికాలంలో యెమన్‌కు, వేసవిలో సిరియాకు బిడారులు నడిపి సంపన్నులయ్యారు. ఆ ప్రయాణాల ప్రస్తావన దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. మన కాలంలో అమెరికా ఆచార్యుడు మైకేల్ పోర్టర్ 1985లో ప్రచురించిన గ్రంథంలో ఈ వరుసకు ‘విలువల గొలుసు’ అని పేరు పెట్టాడు. పోటీలో నెగ్గాలనుకునే సంస్థకు ఆయన చెప్పిన దారులు ముఖ్యంగా రెండు. ఇతరుల కంటే తక్కువ ఖర్చుతో సరుకు తయారుచేయాలి, లేదా ఇతరుల వద్ద దొరకని ప్రత్యేకత చూపాలి. ఈ లెక్కను మన పాతబస్తీలోని లక్క గాజుల వ్యాపారానికి అన్వయించి చూద్దాం.

అడవి నుంచి లాడ్ బజార్ దాకా

లక్క మన ఊరిలో పుట్టేది కాదు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురును అక్కడి ఆదివాసులు, రైతులు గీకి తీస్తారు. అది శుభ్రపడి, వ్యాపారుల చేతులు మారి మన కార్ఖానాలకు చేరుతుంది. కారీగర్లు దానిని నిప్పుల మీద కరిగించి, రంగు కలిపి, సన్నని కడ్డీలుగా సాగదీసి, వేడి తగ్గకముందే గుండ్రంగా వంచి అతుకుతారు. ఆ తరువాత రాళ్లు, అద్దాలు, పూసలు ఒక్కొక్కటిగా పొదుగుతారు. ఈ పొదిగే పనిలో చాలా భాగం గల్లీల్లోని ఇళ్లలో మన ఆడవాళ్లు చేస్తున్నదే. వారికి జతల లెక్కనో డజన్ల లెక్కనో మజూరీ ముడుతుంది. తయారైన గాజులు మధ్యవర్తి ద్వారా దుకాణానికి, అక్కడి నుంచి పెళ్లిళ్లకూ, ఇతర రాష్ట్రాలకూ, విదేశాలకూ వెళతాయి.

లక్కకైనా రాయికైనా తూకం ధరే ఉంటుంది. ఆ లక్కను పెళ్లికూతురి చేతికి తగిన గాజుగా మార్చేది కారీగర్ పనితనం. అయితే గొలుసులో అందరికంటే తక్కువ దక్కేది కూడా ఆ చేతికే.

బరువు ఎవరి మీద పడుతోంది?

జైపూర్‌లోనూ లక్క గాజులు తయారవుతాయి. ఫిరోజాబాద్ గాజు గాజులు దేశమంతటా అమ్ముడుపోతాయి. యంత్రాల మీద చేసిన ప్లాస్టిక్, లోహపు గాజులు చౌకగా దొరుకుతాయి. ఈ పోటీలో ధర తగ్గించాల్సి వచ్చినప్పుడు లక్క అమ్మేవాడు తన రేటు తగ్గించడు, దుకాణం కిరాయి తగ్గదు. ఇక మిగిలింది మజూరీ ఒక్కటే. ఇంట్లో కూర్చుని రాళ్లు పొదిగే అమ్మకు తాను చేసిన జత దుకాణంలో ఎంతకు పోతుందో తెలియదు. పక్క గల్లీలో ఏ రేటు నడుస్తోందో కూడా తెలియదు. సీజన్‌లో రాత్రింబవళ్లు పని, సీజన్ దాటితే ఖాళీ. ఇచ్చినంత పుచ్చుకోవడం తప్ప ఆమెకు దారి లేదు.

ఖర్చు తగ్గించుకోవాలనే ఈ పరుగు ఎంతవరకు పోతుందో 2015 జనవరిలో చూశాం. పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బీహార్‌కు చెందిన 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. పసిపిల్లల చేతుల మీద సంపాదించిన చౌకదనం మన బజారుకు గౌరవం తేలేదు, మచ్చ తెచ్చింది. అలాంటి సంపాదనలో బర్కత్ ఉంటుందని ఏ ఆలిమ్ చెప్పగలడు?

ధర్మం చెప్పేది

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో కొందరు వర్తకులు బజారుకు వచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురువెళ్లి, వారికి ధర తెలియకముందే సరుకు కొనేవారు. ప్రవక్త (స) దీనిని నిషేధించారు. అలా అమ్మినవాడు బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకుంటే, బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కూడా అతనికి ఇచ్చారు. అవతలివాడికి ధర తెలియకపోవడాన్ని లాభంగా మార్చుకోరాదన్నది ఇందులోని నీతి. గల్లీలోని ఆ అమ్మకు బజారు ధర తెలియకుండా ఉంచే మధ్యవర్తి ఈ హదీసు వెలుగులో తన లెక్క చూసుకోవాలి. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ఆదేశం మనందరికీ తెలిసిందే. హజ్రత్ షుఐబ్ (అ) మద్యన్ ప్రజలను హెచ్చరించింది కూడా కొలతలు, తూకాల గురించి, ప్రజలకు రావలసినదానిలో కోత పెట్టడం గురించే.

ఇప్పుడున్న అవకాశం

పోర్టర్ చెప్పిన రెండవ దారి, అంటే ప్రత్యేకత చూపే దారి, మనకు ఇప్పుడు తెరుచుకుంది. 2024 మార్చిలో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. వచ్చింది. ఈ పేరు పెట్టి ఇతర ప్రాంతాల గాజులు అమ్మడం ఇక చట్టవిరుద్ధం. అయితే ఒక సంగతి గమనించాలి. 1999 నాటి చట్టం ప్రకారం ఆ ముద్రను వాడుకునే హక్కు ‘అధీకృత వినియోగదారు’గా పేరు నమోదు చేసుకున్నవారికే ఉంటుంది. దుకాణదారులు మాత్రమే నమోదు చేసుకుని కారీగర్లు మిగిలిపోతే, కీర్తి బజారుకూ శ్రమ గల్లీకీ మిగులుతాయి.

చిన్న కార్ఖానాదారులకు మరో రక్షణ ఉంది. ఉద్యమ్ నమోదు ఉచితం. నమోదైన చిన్న తయారీదారు నుంచి సరుకు తీసుకున్నవాడు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే దండుగ కూడా ఉంది. నెలల తరబడి ఉధార్ మీద నలిగిపోయే కార్ఖానాదారు ఇంట్లో పనిచేసే ఆడవాళ్లకు సకాలంలో మజూరీ ఎలా ఇవ్వగలడు? పై మెట్టు మీది ఆలస్యం కింది మెట్టు మీద ఆకలిగా మారుతుంది.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లే గొలుసుకు యజమానులు కాగలరా? 1959లో బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్ పాపడ్. కేంద్రంలో పిండి తీసుకోవడం, ఇంట్లో ఒత్తడం, ఆరిన అప్పడాలు తూచి అప్పగించి మజూరీ తీసుకోవడం అక్కడి పద్ధతి. పనిచేసే ప్రతి స్త్రీ అందులో భాగస్వామి, లాభంలోనూ నష్టంలోనూ. ఆ పద్ధతితో వేలాది కుటుంబాలు బతికాయి, సరుకు నాణ్యత కూడా నిలిచింది. మన గల్లీల్లోనూ పదిమంది కలిసి లక్క, రాళ్లు ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది. రేటు కాగితం మీద రాసుకుంటే వంచన తగ్గుతుంది.

ఈ పనికి పెద్ద పెట్టుబడి అవసరం లేదు. మస్జిద్ కమిటీలు జుమా తరువాత ఒక గంట కేటాయించి కారీగర్ల పేర్లు నమోదు చేయించవచ్చు. చదువుకున్న యువకులు ఆ ఫారాలు నింపిపెట్టవచ్చు. దుకాణదారులు మజూరీ రేట్లను గోడ మీద బహిరంగంగా పెట్టవచ్చు. పెళ్లి గాజులు కొనే మనం కూడా బేరం ఆడే ముందు, మనం తగ్గించే ప్రతి పది రూపాయలు ఏ ఇంటి పొయ్యి మీది నుంచి తగ్గుతున్నాయో ఒక్కసారి ఆలోచించాలి.

నిజాయితీపరుడైన వర్తకుడికి పరలోకంలో ఉన్నత స్థానం ఉందని మన ధర్మం శుభవార్త ఇచ్చింది. అల్లాహ్ మన వ్యాపారాలలో హలాల్ సంపాదననూ బర్కత్‌నూ ప్రసాదించుగాక. ఆమీన్.