పెద్ద కంపెనీల్లో ఎజైల్ పద్ధతి: మన పిల్లల మేనేజరు కుర్చీ ఎందుకు కదులుతోంది?

2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించినప్పటి నుంచి మా సంఘానికి వచ్చే పెద్దల మాటల్లో ఒకటే కలవరం. బెంగళూరు, హోసూరు, చెన్నై, పుణెల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఎందరో పిల్లలు ఐటీలోనే ఉన్నారు. కోత ఎక్కువగా మధ్య, పై స్థాయి వారి మీద పడుతుందని కంపెనీయే చెప్పింది. కారణం ఏఐ కాదని, కొందరి నైపుణ్యానికి సరిపడే పని చూపలేకపోవడమని సీఈఓ కృతివాసన్ వివరించారు. పదిహేను, ఇరవై ఏళ్ళు కష్టపడి మేనేజరైన వాడికే పని చూపలేకపోవడమేమిటని తల్లిదండ్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. జవాబులో ఒక భాగం పని చేయించే పద్ధతిలోనే ఉంది. ఆ పద్ధతి పేరు ఎజైల్.

చిన్న జట్టు కోసం పుట్టిన పద్ధతి

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి ఎజైల్ ప్రకటన రాశారు. అంతకు ముందు చాలాచోట్ల నడిచింది మన పాత కచేరీల పద్ధతే. ముందు మొత్తం ప్లాను, ఆపైన ఆమోదాలు, ఆ తర్వాత పని, ఆఖరున పరీక్ష. సరుకు చేతికి వచ్చేసరికి అడిగినవాడి అవసరమే మారిపోయేది. అలా కాకుండా కొద్దికొద్దిగా చేసి, కొన్ని వారాలకొకసారి పనిచేసే సరుకు చూపించి, వాడేవారి మాట విని దిద్దుకోవాలన్నది కొత్త పద్ధతి. ఇందులో బాగా ప్రచారంలోకి వచ్చిన స్క్రమ్ విధానంలో జట్టుకు పదిమందికి మించకూడదంటారు. రోజూ 15 నిమిషాల మీటింగు చాలు.

పదిమందిలోపు బాగా నడిచే పద్ధతి పది వేల మందికి ఎందుకు కష్టమో చిన్న లెక్క చెబుతుంది. ఏడుగురున్న చోట ఇద్దరిద్దరి మధ్య 21 సంబంధాలుంటాయి. డెబ్బై మంది అయితే అవి 2,415. మనుషులు పదింతలైతే మాట్లాడుకోవాల్సిన దారులు నూరింతలు దాటుతాయి. ఇంటి పెళ్ళికి నలుగురు అన్నదమ్ములు కూర్చొని తేల్చుకునే సంగతి, ఊరి జాతరకు కమిటీ లేకుండా తేలదు. కమిటీ వస్తే నిబంధనలు వస్తాయి. ఏ నిబంధనల బరువు తగ్గించుకోవడానికి ఎజైల్ పుట్టిందో, అవే మళ్ళీ వచ్చి కూర్చుంటాయి.

ఈ చిక్కు విప్పడానికి రకరకాల చట్రాలు వచ్చాయి. 2011లో డీన్ లెఫింగ్‌వెల్ తెచ్చిన సేఫ్ పద్ధతిలో 50 నుంచి 125 మందిని ఒక ‘రైలు’గా కట్టి, 8 నుంచి 12 వారాలకొకసారి అందరినీ కూర్చోబెట్టి ప్లాను వేయిస్తారు. స్వీడన్ సంగీత సంస్థ స్పాటిఫై తన జట్లకు స్క్వాడ్‌లు, ట్రైబులు అని పేర్లు పెట్టుకుంది. 2012లో ఆ సంగతి బయటకు వచ్చాక లోకమంతా ఆ పేర్లను కాపీ కొట్టింది. అది తాము ఆనాడు పనిచేస్తున్న తీరు మాత్రమేనని, ఇంకా మారుతూనే ఉందని రాసినవారే చెప్పినా వినిపించుకున్నవారు తక్కువ.

నిజంగా మార్చినవారికీ ఖర్చు తప్పలేదు

నెదర్లాండ్స్‌లోని ఐఎన్‌జీ బ్యాంకు 2015లో తన ప్రధాన కార్యాలయంలోని సుమారు 3,500 మందిని తొమ్మిదేసి మంది చొప్పున 350 స్క్వాడ్‌లుగా, 13 ట్రైబులుగా విడదీసింది. ఏడాదికి ఐదారుసార్లు వచ్చే సాఫ్ట్‌వేర్ మార్పులు రెండు మూడు వారాలకొకసారి రాసాగాయి. అయితే దానికి ముందు అందరూ మళ్ళీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. దాదాపు 40 శాతం మంది పాత పనిలో లేరు. అనుభవం ఉండి బయటికి వెళ్ళినవారూ ఉన్నారు. జట్టే తన పని తాను తేల్చుకునే చోట పైనుంచి పని పంచి, కిందినుంచి రిపోర్టు తెప్పించే మధ్య మెట్టుకు చోటు తగ్గుతుంది.

2023 జనవరిలో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు ఇంకో అడుగు వేసింది. ఎజైల్ పేరుతోనే ఉన్న సుమారు 1,100 ఉద్యోగాలను తీసేసింది. ఆ పని ఇంజనీర్లు, ప్రాడక్టు మేనేజర్లు తమ పనిలో భాగంగా చూసుకుంటారన్నది. పద్ధతిని నేర్పించేవారిదీ శాశ్వతమైన కుర్చీ కాదని తేలింది.

మాలో చాలామంది గుమాస్తాగిరీ చేసి రిటైరైన వాళ్ళం. ఫైలు నడక మాకు కొత్త కాదు. గుమాస్తా నోటు పెడతాడు, సూపరింటెండెంటు చూస్తాడు, ఆపైవారు ‘చర్చించండి’ అని రాస్తారు, ఫైలు మళ్ళీ దిగుతుంది. ఈ-ఫైలు వచ్చినా సంతకాలు తగ్గలేదు. కాబట్టి మా కొలబద్ద ఒక్కటే: సంతకం ఎవరిది? జట్టుకు స్క్వాడ్ అని పేరు పెట్టి, రోజూ ఉదయం నిలబెట్టి మీటింగు పెట్టి, వెయ్యి రూపాయల ఖర్చుకూ చిన్న మార్పుకూ పై సంతకమే కావాలంటే అక్కడ మారింది బోర్డు మాత్రమే. పిల్లలకు మీటింగులు పెరుగుతాయి, అధికారం పెరగదు. సంతకం నిజంగా కిందికి దిగితే సంతకం పెట్టడమే పనిగా ఉన్నవారి అవసరం తగ్గుతుంది. మొదటిది వృథా, రెండోది బాధ. రెండూ మన ఇళ్ళలోకి వస్తున్నాయి.

టీసీఎస్ కూడా 2020 నాటికి సంస్థ మొత్తం ఎజైల్ కావాలని లక్ష్యం పెట్టుకున్న కంపెనీయే. నిరుటి కోతకు అదొక్కటే కారణమని మేము అనడం లేదు. గాలి ఎటు వీస్తోందో గమనించమంటున్నాం.

ఇళ్ళలో చేయవలసింది

మన వివాహ పరిచయ వేదికల్లో ఇప్పటికీ మొదటి ప్రశ్న: ‘అబ్బాయి మేనేజరా? కింద ఎంతమంది?’ ఆ ప్రశ్న మానుకుందాం. కింద మంది ఉండటం నేడు భద్రత కాదు. పైగా చట్టం దృష్టిలో అది లోటు కూడా. ప్రధానంగా మేనేజరు పని చేసేవారు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ‘వర్క్‌మన్’ కిందికి వచ్చేవారు కాదు. దాని స్థానంలో తెచ్చిన 2020 కోడ్ కూడా వారిని బయటే ఉంచింది. తీసివేతకు నోటీసు, పరిహారం వంటి రక్షణలు ఆ మేరకు వారికి అందవు. అయితే కోర్టులు చూసేది హోదా పేరును కాదు, నిజంగా చేసిన పనిని. అందుకే పిల్లలు తమ నియామక పత్రం, తాము స్వయంగా చేసిన పని వివరాలు భద్రపరచుకోవాలి.

వారిని అడగవలసినవి మూడు. మీ జట్టు ఎవరినీ అడగకుండా ఏ నిర్ణయం తీసుకోగలదు? గత మూడు నెలల్లో నువ్వు నీ చేత్తో చేసిన పని ఏది? ఆ పనికి ఈ కంపెనీ బయట గిరాకీ ఉందా? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాడికి బెంగ అక్కర్లేదు. తడబడితే కోప్పడకండి. నలభై ఏళ్ళ వయసులో కొత్త విద్య నేర్చుకోవడానికి కావలసింది ఆరు నెలల వ్యవధి, ఇంటి అప్పు వాయిదాకు సరిపడా నిల్వ డబ్బు. ఉద్యోగం ఉండగానే ఆ రెండూ సమకూర్చుకునేలా వారికి అండగా ఉండటం పెద్దలుగా మన పని.